పునన్ అంటే ఒక్క భాష కాదు మహాప్రభో!

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. బోర్నియో దీవిలోని పునన్ బా అనే తెగ పదాల పక్కన పెనన్ అనే మరో తెగ పదాలు పెట్టి, రెండూ ఒకే భాషకు మాండలికాలని రాసేసిందట. గైడు మొత్తం కొట్టేశారు. "పేర్లు ఒకేలా ఉన్నాయి కదా మేడం" అంది. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో!

అపోహ: బోర్నియో అడవుల్లో ఉండేవాళ్లందరిదీ ఒకటే పునన్ భాష.

వాస్తవం: కాదు. వేట, అడవి సాగో పిండి మీద బతికిన ఎన్నో గుంపులకు ఈ పేరు అతుక్కుంది. మలేషియాలోని సరవాక్‌లో బరామ్ నది వైపు పెనన్‌ల మాట కెన్యా (ఆఫ్రికా దేశం కాదు, బోర్నియో తెగ) భాషలకు దగ్గరి చుట్టం. రజాంగ్ నది ఒడ్డున పునన్ బా వాళ్లేమో ఎప్పటినుంచో పొడవాటి ఉమ్మడి ఇళ్లలో ఉండి సేద్యం చేసుకునేవాళ్లు. వాళ్లను పెనన్‌లలో కలిపేస్తే వాళ్లకే ఒళ్లు మండుతుంది. కాపువాస్ నది ఎగువన హొవోంగన్, కెరెహో, మహకమ్ నది ఎగువన అవోహెంగ్ భాషలు మరో జట్టు. మన నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే కదా? బతుకుతెరువును చూసి భాషను ఊహించకూడదు.

వీటిని కలిపేస్తే, చుట్టపు భాషల మధ్య ఒకే తీరుగా జరిగే ధ్వని మార్పుల సూత్రాలే తారుమారవుతాయి. ఉదాహరణకు మలయ్‌లో ఐదు 'లిమా', దాని చుట్టమైన మడగాస్కర్ భాష మలగాసీలో 'దిమి'. చర్మం 'కులిత్', అక్కడ 'హుదిట్ర'. 'ఇ' ముందు 'ల' రెండు చోట్లా 'ద' అయింది. చుట్టరికం తేల్చేది ఇలాంటి క్రమమే. రెండు భాషల మాటలు ఒకే వరుసలో పోస్తే ఆ క్రమం ఎక్కడ కనిపిస్తుంది?

అపోహ: ఇవి ఆస్ట్రోనేషియన్ (మలయ్, మలగాసీ వగైరాల) కుటుంబానికి ముందునాటి భాషలు.

రోజూ మాట్లాడే పునన్ భాషలన్నీ ఆ కుటుంబంలోని మలయో-పోలినేషియన్ శాఖవే. పునన్ బాటు అనే గుంపు వాళ్లు పాటల్లో వాడే 'లతాలా' భాష సంగతి వేరే, దాని చుట్టరికం ఇంకా తేలలేదు.

అపోహ: ఆస్ట్రోనేషియన్ మూలభాషలో మూడుకి 'తెలు', మనది త్రిలింగ దేశం, కాబట్టి తెలుగూ అక్కడిదే!

వాట్సాప్ పుణ్యం. మనకు మనం, మేము ఉన్నట్టే మలయ్‌లో కితా, కామి ఉన్నాయి. అంతమాత్రాన చుట్టాలం అయిపోం. దీని మీద ఇంక మాట్లాడను.

ఆ అమ్మాయికి మాత్రం టెన్షన్ పడొద్దని చెప్పాను. పట్టికను రెండు వరుసలుగా విడదీసి, మధ్యలో కెన్యా పదాలు చేర్చమన్నాను. మొన్న పంపింది. పెనన్ మాటలు ఎటువైపు మొగ్గాయో తనే ఎర్ర సిరాతో గీత గీసింది.