బియ్యం బడికొస్తాయి, పప్పు అరువుకొస్తుంది: మధ్యాహ్న భోజనం బకాయిల వెనుక కథ

బడుల్లో మధ్యాహ్న భోజనం వండిపెట్టే ఏజెన్సీల మహిళలు బిల్లుల కోసం ధర్నాకు దిగడం ఏటా చూస్తున్నదే. నిధుల జాప్యమని ఒక్క మాటలో తేల్చేస్తారు గానీ, అసలు చిక్కు పథకం అల్లికలోనే ఉంది.

1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు కేంద్రం ఇచ్చింది తిండిగింజలే. వంటకు పైసా లేదు. అప్పటికే వండి పెడుతున్న తమిళనాడు లాంటి రాష్ట్రాలను వదిలేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా చాలాచోట్ల 80 శాతం హాజరున్న పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చి పంపేవారు. అవి ఇంటిల్లిపాదికీ ఉడికేవి, బడిలో మధ్యాహ్నపు ఆకలి మాత్రం అలాగే ఉండేది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ఏటా కనీసం 200 రోజులు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించాక గానీ రాష్ట్రాలు కదల్లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొయ్యి వెలిగింది 2003 జనవరిలో. వంటను డ్వాక్రా సంఘాలకు అప్పగించారు. పని త్వరగా మొదలైంది, నిజమే. కానీ దాంతోపాటు పెట్టుబడి కూడా ఆ మహిళల నెత్తినే పడింది. కేంద్రం వంట ఖర్చు ఇవ్వడం 2004 సెప్టెంబరు నుంచి. అదీ ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక్క రూపాయి!

ప్రాథమిక పాఠశాలలో తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అన్నది ప్రమాణం. 60 మంది తింటే 6 కిలోల బియ్యం సర్కారు బస్తాలోంచి కొలుచుకోవచ్చు. 1.2 కిలోల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె మాత్రం ఏజెన్సీ ముందే కొనాలి. డబ్బు ఆ తర్వాత హాజరు లెక్కన, ఖరారైన రేటుకే వస్తుంది. కందిపప్పు ధర మధ్యలో పెరిగినా రేటు కదలదు, పప్పుచారు పలచబడుతుంది. 20 మంది ఉన్న బడిలో ఇంకా కష్టం. పప్పు 400 గ్రాములకు తగ్గుతుంది గానీ, గ్యాస్ ఖర్చు ఆ లెక్కన తగ్గదు.

కూలి సంగతీ అంతే. 2009 డిసెంబరులో కేంద్రం వండేవారికి నెలకు 1,000 రూపాయలని, అదీ ఏడాదిలో 10 నెలలకే లెక్కగట్టింది. దాన్ని జీతమనలేదు, గౌరవ వేతనమన్నారు. కేంద్రం లెక్క అక్కడే ఆగిపోతే, 2019లో ఆంధ్రప్రదేశ్ తన డబ్బు కలిపి 3,000 చేసింది.

నిధులు అయిపోతే బడిలో ఉన్న వేరే నిధిని వాడి వంట ఆగకుండా చూసే అధికారం హెచ్‌ఎంకు 2015 నిబంధనలు ఇచ్చాయి. చిన్న బడుల్లో అలా తీసి వాడదగ్గ సొమ్మెక్కడిది? బిల్లు పడేదాకా కిరాణా కొట్టు ఖాతా మీదే పొయ్యి వెలగాలి. ఆ ఖాతా ఉండేదీ బడి పేరున కాదు, వండే మనిషి పేరునే.