ఓనరు అప్పు, అద్దెదారు సామాన్లు: 2016 నుంచి ఏం జరిగింది

ఓనరు బ్యాంకు అప్పు ఎగ్గొడితే, నెలనెలా అద్దె కడుతున్నవాళ్లు సామాన్లు సర్దుకోవాలా? విజయనగరం, శ్రీకాకుళంలో జప్తు నోటీసులు పడ్డ బిల్డింగుల్లో మళ్లీ ఇదే టెన్షన్.

బాకీ తీరకపోతే బ్యాంకులు కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోడానికి 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. అద్దెదారుల సంగతి మలుపు తిరిగింది మాత్రం 2016లో. ఆ జనవరిలో విశాల్ కల్సారియా కేసులో సుప్రీంకోర్టు, అద్దె నియంత్రణ చట్టాలిచ్చిన రక్షణను సర్ఫేసీ పేరు చెప్పి తీసేయడం కుదరదంది. సెప్టెంబరుకల్లా సర్ఫేసీ చట్టంలోకి 17(4ఎ) సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం అద్దెదారు కూడా డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల గొడవలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. కానీ లీజు గడువు తీరి ఉండకూడదు, ఓనరు బ్యాంకుతో ఒప్పుకున్న తాకట్టు షరతులకు విరుద్ధంగా ఉండకూడదు. ఆ షరతులున్న కాగితం అద్దెదారుకు ఎవరు చూపిస్తారు?

2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రిజిస్టరు కాని పత్రమైనా, నోటిమాట అద్దె అయినా ఏడాదికి మించి రక్షణ ఉండదు. మన ఊళ్లలో నడిచేదంతా అదే అద్దె. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని 11 నెలలకే అగ్రిమెంటు రాస్తారు. అసలు కాగితం ఓనరు దగ్గర, జిరాక్సు అద్దెదారు దగ్గర. గడువయ్యాక కొత్తది రాసుకునేవాళ్లు తక్కువ, అద్దె పెంచుకుని మాట మీద కొనసాగుతారు. రసీదు అడిగితే "మా మీద నమ్మకం లేదా?" అంటారు. అందుకే పదేళ్లుగా ఉంటున్న కుటుంబం దగ్గర కూడా చూపించడానికి సరైన కాగితం ఉండదు.

వసూలు ఆపడానికి ఓనర్లు బంధువుల పేర్న దొంగ లీజులు పుట్టిస్తారని బ్యాంకులంటాయి. అలాంటివి కోర్టుల దాకా వచ్చిన మాట నిజమే.

ఇక గడువులు. బాకీ కట్టమని ఇచ్చే 60 రోజుల నోటీసు అప్పు తీసుకున్నవాళ్లకే వెళుతుంది. ఆ తర్వాత బ్యాంకు కలెక్టరు దగ్గరికి వెళితే 30 రోజుల్లో స్వాధీనం ఉత్తర్వు ఇవ్వాలి, కారణాలు రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించొచ్చు. ఊళ్లో సివిల్ కోర్టుంది కానీ సర్ఫేసీ 34వ సెక్షన్ ప్రకారం డీఆర్‌టీ తేల్చాల్సిన గొడవ అక్కడ వినరు. విశాఖ డీఆర్‌టీకే పోవాలి, అదీ బ్యాంకు స్వాధీన చర్య తీసుకున్న 45 రోజుల్లోపు. 60 రోజుల నోటీసు కాపీ ఒకటి ఇంట్లో ఉంటున్నవాళ్లకూ ఇస్తే వకీలును చూసుకోడానికి, వేరే ఇల్లు వెతుక్కోడానికి రెండు నెలలు దొరికేవి. ఇప్పుడు చాలామందికి గోడ మీద బ్యాంకు స్వాధీనం కాగితం అంటించాకే విషయం తెలుస్తోంది, అప్పటికే 45 రోజుల లెక్క మొదలైపోతోంది.