సింథటిక్ గేర్ ఆయిల్: లారీ ఓనర్ల అపోహలు - వాస్తవాలు

రావులపాలెంలో హైవే పక్కన మా షెడ్డు. గేర్‌బాక్స్ పనులే ఎక్కువ. ఓనరుగారు వచ్చి కూర్చుంటే టీ రాకముందే అడిగే మాట: "సింథటిక్ పోయించమంటారా, డబ్బు దండగా?" బండి ఎక్కడ తిరుగుతుందో ముందు చెప్పండి అంటాను.

అపోహ: ఖరీదైన ఆయిల్ పోస్తే ఏ బండికైనా లాభమే.

వాస్తవం: లెక్కేద్దాం. సింథటిక్ (ఫ్యాక్టరీలో రసాయన పద్ధతిలో తయారుచేసే ఆయిల్) ధర మామూలు ఆయిల్‌కి, అంటే ముడిచమురు నుంచి తీసేదానికి, మూడు రెట్లనుకోండి. మీ బండి మాన్యువల్‌లో ఆయిల్ మార్చే గడువు మామూలు దానికి 60,000 కిలోమీటర్లు, సింథటిక్‌కి 1,80,000 అని ఉందనుకోండి. ఆకివీడులో చేపల లోడు ఎత్తుకుని గువాహటి వెళ్లొచ్చే బండి నెలకు 10,000 తిరిగితే, ఆరు నెలలకోసారి మార్చాల్సింది ఏడాదిన్నరకి మారుస్తారు. ఆయిల్ ఖర్చు సరికి సరి. రెండుసార్ల లేబరు, బండి ఆగిపోయే రోజులు మిగులు. ఇసుక ర్యాంపులో నెలకు 2,000 తిరిగే టిప్పరుకి అదే 1,80,000 అంటే ఏడున్నరేళ్లు! అన్నాళ్లు ఎవరుంచుతారు? మాన్యువల్‌లో ఆ గడువు రాసి లేకపోతే ఈ లెక్కే లేదు. డబ్బా మీద రాసింది చూసి గడువు పెంచకండి.

అపోహ: సింథటిక్ పోశాం కదా, ఇక మూత తీసి చూడక్కర్లేదు.

వాస్తవం: మన దగ్గర గేర్‌బాక్సుల్ని తినేది ఎక్కువగా నీళ్లే. వేడెక్కిన గేర్‌బాక్స్ ఒక్కసారిగా నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. బ్రీదర్ (గేర్‌బాక్స్‌కి గాలి ఆడే రంధ్రం) గుండా, అరిగిన సీలు గుండా బయటి నీళ్లు లాక్కుంటుంది. కిందటి వానల్లో ఒక టిప్పరు డ్రెయిన్ బోల్టు విప్పాను. ముందు గరిటెడు నీళ్లు, వెనకాల చిక్కటి మజ్జిగలాంటి ఆయిల్. పోయించి నాలుగు నెలలైన సింథటిక్ అది. బేరింగుల మీద అప్పటికే తుప్పు చుక్కలు. నీళ్లలో దిగే బండికి మామూలు ఆయిల్ పోసి, తెల్లబడగానే మార్చేయడమే చవక.

"మన ఎండలకి సింథటిక్ ఉండాల్సిందే" అనేవాళ్లున్నారు. కొంత నిజం. మామూలు ఆయిల్ డబ్బా మీద 80డబ్ల్యు-90 అని ఉంటే, మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత పారుతుందో చెప్పేది, దానితో మనకు పనిలేదు. 90 అన్నది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 75డబ్ల్యు-90 సింథటిక్‌కీ అదే 90. అసలు తేడా ఏంటంటే, వేడికి సింథటిక్ త్వరగా మాడదు. ఫుల్ లోడుతో మారేడుమిల్లి ఘాటు ఎక్కే బండికి అది పనికొస్తుంది. కాలవ గట్టు మీద తిరిగేదానికి అంత అక్కర్లేదు.

అపోహ: గేర్ ఆయిల్ గ్రేడుల్లో జీఎల్-4 కంటే జీఎల్-5 మంచిది, అంకె పెద్దది కదా.

వాస్తవం: దీంతోనే నాకు టెన్షన్. జీఎల్-5 వెనక ఇరుసు హౌసింగ్‌లో చక్రాల్ని తిప్పే క్రౌన్-పినియన్ గేర్ల కోసం. అందులో గంధకం మందు ఎక్కువ. గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగుల్ని (గేరు సాఫీగా పడేలా చేసేవి) అది తినేసే ప్రమాదముంది. మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 పోయండి, సింథటిక్ అయినా సరే.

సింథటిక్ వల్ల సీళ్లు కారతాయన్నది పాత మాట. కారే సీలు ఏ ఆయిల్‌కైనా కారుతుంది.

ఆయిల్ దించినప్పుడు మీరూ పక్కనే ఉండండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద కాటుకలాంటి మెత్తటి ముద్ద ఉంటే కంగారు పడకండి. గోటికి ముక్క తగిలిందా, ఏ ఆయిల్ అన్న మాట పక్కన పెట్టి గేర్‌బాక్స్ దించాల్సిందే.