సిరలకు కవాటాలెందుకు?

ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అని బడిలో పట్టిన గుర్తు చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. ఊపిరితిత్తుల దగ్గర అది తలకిందులవుతుంది. గుండె నుంచి అక్కడికి వెళ్లే పుపుస ధమనిలో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. తిరిగి గుండెకు చేరే పుపుస సిరల్లో ఉండేది ఆక్సిజన్ నిండిన రక్తం. గుండె నుంచి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. అంతే. సిరల రక్తాన్ని చెడుదనడం కూడా అన్యాయమే. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు అందులో నాలుగింట మూడు వంతుల దాకా ఆక్సిజన్ ఇంకా మిగిలే ఉంటుంది.

మిగతా తేడాలు చాలావరకు ఒత్తిడిని బట్టి ఏర్పడినవే. గుండె ముడుచుకున్నప్పుడు పెద్ద ధమనుల్లో పీడనం సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసానికి చేరుతుంది, సడలినప్పుడు 80కి దిగుతుంది. ఆ తాకిడిని ఓర్చుకోవడానికి ధమని గోడ మందంగా, సాగే గుణంతో ఉంటుంది. మణికట్టు దగ్గర వేలికి తగిలే నాడి ఆ గోడ ఉబికి తగ్గడమే. ధమనులను సిరలతో కలిపే అతి సన్నని గొట్టాలైన కేశనాళికలు దాటి సిరల్లోకి వచ్చేసరికి ఆ ఒత్తిడి దాదాపు హరించుకుపోతుంది. అందుకే సిర గోడ పలచన, లోపలి దారి వెడల్పు. ఒంట్లోని రక్తంలో సగానికి పైగా ఎప్పుడూ సిరల్లోనే ఉంటుంది.

మరి పాదాల్లోని రక్తం గుండె దాకా ఎలా ఎక్కుతుంది? నడిచినప్పుడల్లా పిక్క కండరాలు లోపలి సిరలను నొక్కుతాయి. సిరల్లోని కవాటాలు, అంటే ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపుల్లాంటి పొరలు, ఆ రక్తాన్ని కిందికి జారనివ్వవు. గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్లు వాచేది ఈ నొక్కుడు లేకే.

ఈ కవాటాలను ఇటలీలోని పాదువాలో ఫాబ్రిసియస్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1603లో వివరంగా వర్ణించాడు కానీ, అవి ఎందుకున్నాయో సరిగా పట్టుకోలేకపోయాడు. పట్టుకున్నది ఆయన శిష్యుడు విలియం హార్వే. 1628లో ఆయన చూపిన ప్రయోగం చాలా సులువైనది. మోచేతి పైన పట్టీ కడితే ముంజేతి సిరలు ఉబ్బుతాయి. కవాటాలున్న చోట చిన్న ముడులు తేలతాయి. ఒక వేలితో సిరను అదిమి పట్టి, మరో వేలితో అక్కడి నుంచి రక్తాన్ని పై ముడి దాటేలా తోయాలి. మధ్య భాగం ఖాళీగానే ఉండిపోతుంది, పై రక్తం వెనక్కి రాదు. అదిమిన వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. సిరల్లో రక్తం నడిచేది గుండె వైపే అని దీంతో తేలిపోయింది.

ధమని చివర నుంచి సిరలోకి రక్తం ఏ దారిన వెళ్తుందో మాత్రం హార్వే చూడలేకపోయాడు. ఆయన 1657లో మరణించాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని పరీక్షించి ఆ కేశనాళికలను కనిపెట్టాడు.