7/6 ఏ మెట్టు మీద ఉంది? ఐదు స్వరాల లెక్క వెనక కథ

జస్ట్ ఇంటొనేషన్ అనే శ్రుతి పద్ధతిలో స్వరాంతరం (రెండు స్వరాల మధ్య దూరం) అంటే వాటి ఫ్రీక్వెన్సీల మధ్య ఉండే చిన్న అంకెల నిష్పత్తి. 2/1 ఆక్టేవ్, 3/2 ఫిఫ్త్, 4/3 ఫోర్త్, 5/4 మేజర్ థర్డ్. అయితే ఈ థర్డ్, ఫోర్త్, ఫిఫ్త్ అనే పేర్లు నిష్పత్తిని చూసి పెట్టినవి కావు. ఏడు స్వరాల స్కేలు మీద, మొదలుపెట్టిన స్వరాన్ని కూడా కలుపుకుని లెక్కపెట్టినవి. అందుకే థర్డ్ మీద థర్డ్ వేస్తే సిక్స్త్ రాదు, ఫిఫ్త్ వస్తుంది.

ఈ లెక్క 7 అంకె ఉన్న నిష్పత్తుల దగ్గర ఇబ్బంది పెడుతుంది. 1558లో ఇటలీ సంగీత శాస్త్రవేత్త జార్లీనో శ్రావ్యతకు 1 నుంచి 6 వరకు అంకెలే ఆధారమని సిద్ధాంతం చెప్పాడు, దాంతో 7 గీతకు అవతలే ఉండిపోయింది. 1885లో ఎల్లిస్ ఆక్టేవ్‌ను 1200 సెంట్లుగా విభజించే కొలతను ప్రచారంలోకి తెచ్చాక తేడా అంకెల్లో చూడటం తేలికైంది. పైథాగరస్ ఏడు స్వరాల స్కేలులో పెద్ద సెకండ్ 204 సెంట్లు, చిన్న థర్డ్ 294. 8/7 అయితే 231, 7/6 ఏమో 267. రెండూ సరిగ్గా ఆ ఖాళీలో పడ్డాయి! అందుకే సూపర్‌మేజర్ సెకండ్, సబ్‌మైనర్ థర్డ్ అంటూ అతుకుల పేర్లు వచ్చాయి. అమెరికన్ స్వరకర్త హ్యారీ పార్చ్ స్వరాలను నేరుగా నిష్పత్తులతోనే పిలిచాడు. అది కచ్చితమైన పద్ధతే, కానీ నిష్పత్తి చూడగానే ఎన్ని మెట్లు ఎక్కామో తెలియదు.

ఐదు స్వరాల స్కేలు ఇక్కడే పనికొస్తుంది. ప్రాచీన చైనా గ్రంథం గువాన్‌జీలో ఐదు స్వరాలకు ఇచ్చిన అంకెలు 81, 108, 72, 96, 64. వీటిని వరుసలో పెడితే పక్కపక్క స్వరాల మధ్య దూరం 9/8 లేదా 32/27, అంటే 204 లేదా 294 సెంట్లు. ఏడు స్వరాల లెక్కలో ఖాళీగా ఉన్న ఆ జాగా ఇక్కడ ఒక మెట్టు పరిధి అయిపోయింది, 8/7, 7/6 రెండూ ఏ అతుకూ లేకుండా ఒక్కో మెట్టుగా ఇమిడిపోయాయి. రెండింటినీ కలిపితే (అంటే నిష్పత్తులను గుణిస్తే) 4/3, రెండు మెట్లు. 3/2 మూడు మెట్లు, ఆక్టేవ్ ఐదు. సున్నా నుంచి లెక్కపెడతాం కాబట్టి కూడికలు కూడా మామూలుగానే కుదురుతాయి.

నష్టం లేదని కాదు. 5/4, 4/3 రెండూ రెండు మెట్లే అవుతాయి, వాటి మధ్య తేడా అయిన 16/15 సున్నా మెట్లకు పడిపోతుంది. వినికిడికి అంత స్పష్టంగా తెలిసే తేడాను సున్నా అనడం నాకైతే నచ్చదు. నిష్పత్తుల్లో 5 ప్రధానంగా ఉండే సంగీతానికి ఏడు స్వరాల పేర్లే మేలు, 3, 7 మీద నడిచే సంగీతానికి మాత్రం ఈ ఐదు మెట్ల పేర్లే వాడాలని గట్టిగా అంటాను.