‘మనం’ అన్న మాటలో ఎవరున్నారు?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, కొండల వరుసల మధ్య ఒక లోయలో స్టేట్ కాలేజ్ అనే పట్టణం ఉంది. జనాభా నలభై వేల పైచిలుకు. కాని అక్కడి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఆకురాలే కాలంలో ఆట ఉన్న శనివారం వచ్చిందంటే ఊరి జనాభాకు రెండింతల మంది ఆ మైదానానికి తరలివస్తారు. అక్కడ ఆడేది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. తలకు హెల్మెట్లు, భుజాలకు మెత్తలు తొడుక్కుని, కోలగా ఉండే బంతిని చేతితో విసురుతూ, మోసుకుని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. స్టేడియంలో ఒక వైపు జనం ‘వి ఆర్’ అని కేక వేస్తే ఎదుటి వైపు జనం ‘పెన్ స్టేట్’ అని బదులిస్తారు. ఆ ‘వి’ని తెలుగులోకి తేవాలంటే ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా అని ఆగి ఆలోచించవలసి వస్తుంది. ఒకరి పిలుపుకు మరొకరు బదులు పలికే కేక కనుక, వింటున్నవారిని కూడా లోపలికి కలుపుకునే ‘మనం’ అన్న మాటే దానికి సరైనదని నాకు తోస్తుంది. 2011 నవంబరులో ఆ ఊరిపై వచ్చిపడిన సంక్షోభాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క మాట చాలా సహాయపడుతుంది.

ఆ నెల 5న జెర్రీ సాండస్కీని అరెస్టు చేశారు. అతడు 1969 నుంచి 1999 వరకు పెన్ స్టేట్ ఫుట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశాడు. కష్టాల్లో ఉన్న కుటుంబాల పిల్లల కోసమని 1977లో ‘సెకండ్ మైల్’ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించి, దాని ద్వారా చేరువైన బాలురను ఏళ్ల తరబడి లైంగికంగా హింసించాడన్నది అభియోగం. 2012 జూన్‌లో ఎనిమిది మంది యువకులు కోర్టులో నిలబడి తమకు జరిగినది చెప్పారు. 48 అభియోగాలలో 45 రుజువయ్యాయి. 30 నుంచి 60 ఏళ్ల జైలుశిక్ష పడింది. అయితే ఊరిని చీల్చిన వాదం సాండస్కీ గురించి కాదు, హెడ్ కోచ్ జో పటర్నో గురించి. 2001 ఫిబ్రవరిలో జట్టు భవనంలోని స్నానాల గదిలో సాండస్కీ ఒక బాలుడితో ఉండగా చూసిన యువ సహాయకుడు ఒకరు, మరునాడే పటర్నో ఇంటికి వెళ్లి సంగతి చెప్పాడు. పటర్నో దానిని తన పైఅధికారి అయిన క్రీడా విభాగాధిపతికి చేరవేశారు. అక్కడి నుంచి అది విశ్వవిద్యాలయ అధ్యక్షుడి దాకా వెళ్లింది. ఎవరూ పోలీసులకు చెప్పలేదు.

నవంబరు 9 రాత్రి ట్రస్టీల బోర్డు పటర్నోను ఫోన్ ద్వారా ఉద్యోగం నుంచి తొలగించింది. ఆ రాత్రే వేలాది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. దీపస్తంభాలు పడగొట్టారు, ఒక టీవీ వార్తా వాహనాన్ని తిరగవేశారు. వారు గొంతెత్తి పలికిన పేరు కోచ్‌ది. హింసకు గురైన పిల్లల ప్రస్తావన ఆ కేకల్లో వినిపించలేదు. దూరం నుంచి చూసిన దేశమంతా దీనిని ఆటపిచ్చి అని కొట్టివేసింది. ఆ తీర్పు తేలిక, అందుకే పనికిరానిది. ఆ విద్యార్థులలో అత్యధికులు పిల్లలపై హింసను మనస్ఫూర్తిగా అసహ్యించుకునేవారే. అటువంటివారు ఆ రాత్రి అలా ఎందుకు ప్రవర్తించారన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

సామాజిక మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్న చుట్టూ చాలాకాలంగా పనిచేస్తూ ఉంది. హెన్రీ తాజ్‌ఫెల్ 1970లలో ఇంగ్లండులోని బ్రిస్టల్ పాఠశాల బాలురపై ప్రయోగాలు చేశారు. ఇద్దరు చిత్రకారుల బొమ్మలలో ఏవి నచ్చాయో అడిగి, దాని ఆధారంగా అని చెప్పి వారిని రెండు గుంపులుగా విడదీశారు. నిజానికి ఆ విభజన యాదృచ్ఛికం. తన గుంపులో ఎవరున్నారో కూడా తెలియని ఆ బాలురు, డబ్బు పంచమన్నప్పుడు తమ గుంపువారికే ఎక్కువ ఇచ్చారు. ఇంత పలుచని కారణంతో పుట్టిన ‘మనం’ అంత బలంగా పనిచేస్తే, తాతతండ్రుల నుంచి వచ్చి, పెళ్లిళ్లలోను, ఉద్యోగాలలోను, స్నేహాలలోను కలిసిపోయిన ‘మనం’ ఎంత బలమైనదో ఊహించవచ్చు.

రాబర్ట్ చాల్‌డీనీ బృందం 1976లో ప్రచురించిన పరిశోధన నేరుగా కళాశాల ఫుట్‌బాల్‌కు సంబంధించినదే. జట్టు గెలిచిన మరుసటి సోమవారం విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకుని వచ్చారు. ఫోన్ చేసి ఆట ఫలితం అడిగినప్పుడు, గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మనం’ అనే మాట ఎక్కువగా వాడారు. ఓటమిలో ఆ మాట తగ్గింది. అదే సంభాషణలో ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టి, ‘మీరు సరిగా చేయలేదు’ అని చెప్పిన విద్యార్థులలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. మనసు నొచ్చినవారికి జట్టు కీర్తి మరింత అవసరమైందన్నమాట. క్రికెట్ మ్యాచి మరునాడు మన ఇళ్లలో వినిపించే మాటలను గుర్తు చేసుకుంటే దీనికి వేరే వివరణ అక్కరలేదు.

కాని ఓటమిలో దూరం జరగడం అందరికీ సాధ్యం కాదు. నయోమి ఎల్లెమర్స్, ఆమె సహచరులు 1997లో చూపినది ఇక్కడ కీలకం. గుంపుతో బంధం పలుచగా ఉన్నవారు దాని స్థాయి దిగజారినప్పుడు తప్పుకోవాలని చూస్తారు. గాఢంగా ఉన్నవారు మరింత గట్టిగా అంటిపెట్టుకుంటారు. పెన్ స్టేట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ 2012 జులై 23న ఆరు కోట్ల డాలర్ల జరిమానా విధించి, 1998 నుంచి సాధించిన 112 విజయాలను రికార్డు నుంచి తొలగించింది. వాటిలో 111 పటర్నోవి. అంతవరకు తటపటాయిస్తున్న పూర్వ విద్యార్థులు కూడా తమ మీదే దాడి జరిగినట్టు భావించారు. ఆయన మొత్తం విజయాల సంఖ్య 409 అభిమానులకు ఒక నినాదమైంది. 2015 జనవరిలో ఆ విజయాలను తిరిగి గుర్తించినప్పుడు అక్కడ జరిగిన సంబరం ఒక క్రీడా గణాంకం కోసం జరిగినదిగా నాకు కనిపించదు. అది తమ గతం తమకు తిరిగి దక్కిందన్న ఊరట.

అయితే గుంపు మనస్తత్వం ఒక్కటే ఈ కథను వివరించదు. గెలిపించే కోచ్‌లు అమెరికాలో ఇంకా ఉన్నారు. పటర్నో అమ్మకానికి పెట్టినది గెలుపు కాదు, మంచితనం. 1950లో సహాయకుడిగా వచ్చి, 1966 నుంచి 46 సీజన్ల పాటు హెడ్ కోచ్‌గా ఉన్న ఆయన, ఆటగాళ్లు చదువులోనూ రాణించాలని పట్టుబట్టారు. ఆయన, ఆయన భార్య కలిసి విశ్వవిద్యాలయానికి లక్షల డాలర్ల విరాళాలిచ్చారు. అక్కడి గ్రంథాలయంలో ఒక భాగానికి ఆయన పేరే ఉంది. ‘గౌరవంతో కూడిన విజయం’ అన్నది ఆ జట్టు ఆదర్శవాక్యం. కనుక పెన్ స్టేట్ అభిమాని కావడం అంటే మంచివారి పక్షాన ఉండడమే అని మూడు తరాలు నమ్మాయి. అటువంటి నమ్మకం మీద పడిన దెబ్బ, ఆ వ్యక్తి గురించిన అభిప్రాయంతో ఆగదు. ‘ఇన్నేళ్లు నేను దేనికి చప్పట్లు కొట్టాను?’ అనే ప్రశ్న దాకా వెళుతుంది. తమ నమ్మకానికీ, ఎదుటి వాస్తవానికీ పొంతన కుదరనప్పుడు కలిగే బాధను తగ్గించుకోవడానికి మనుషులు వాస్తవాన్నే సర్దుకుంటారని లియోన్ ఫెస్టింగర్ 1957లోనే వివరించారు.

ఆ సర్దుబాటు చాలాసార్లు అబద్ధం రూపంలో రాదు, నిజం రూపంలోనే వస్తుంది. పటర్నో పైఅధికారికి చెప్పిన మాట నిజం. ఆయనపై ఎన్నడూ కేసు పెట్టని మాట నిజం. ఆయన కీలక సమాచారాన్ని దాచారని విశ్వవిద్యాలయం నియమించిన లూయీ ఫ్రీ నివేదిక చేసిన నిర్ధారణను ఆయన కుటుంబం నియమించిన నిపుణులు తిరస్కరించిన మాటా నిజమే. వీటిని లేవనెత్తడం తప్పని నేను అనను; విచారణలో న్యాయం కోరడం ఎవరికైనా హక్కే. కాని ఈ నిజాలన్నీ ‘నియమం ప్రకారం ఏం చేశారు’ అన్న ప్రశ్నకే జవాబులు. ఆ బాలుడు ఎవరు, అతడికి ఏమైంది, అతణ్ణి ఎవరైనా వెతికారా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. తొలగింపు రోజున పటర్నో తానే ఒక ప్రకటనలో, వెనుదిరిగి చూస్తే తాను ఇంకా ఎక్కువ చేసి ఉండవలసిందని రాశారు. ఆయనను సమర్థించినవారిలో చాలామంది ఆయన ఒప్పుకున్నంత కూడా ఒప్పుకోలేకపోయారు.

దీనికి తోడు మరొక అసమానత ఉంది. అభియోగాలు మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ పత్రాలలో పిల్లలకు పేర్లు లేవు. ‘బాధితుడు 1’, ‘బాధితుడు 2’ అన్న అంకెలే ఉన్నాయి. వారి రక్షణ కోసం అది తప్పనిసరి. కాని ముఖం తెలిసిన ఒక్క మనిషి కోసం కదిలిపోయే మనసు, లెక్కగా మారిన మనుషుల కోసం అంతగా కదలదని ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లో గుర్తించారు. తరువాతి ప్రయోగాలు దానిని పరిశీలించాయి. ఒక వైపు మందపాటి కళ్లద్దాలు, పైకి మడిచిన ప్యాంటు అంచులతో ప్రతి ఇంటికీ తెలిసిన 84 ఏళ్ల వృద్ధుడు. మరో వైపు అంకెలు. ఆ పత్రాలలోని ‘బాధితుడు 1’ తోటివారి వేధింపులు భరించలేక తన బడిని విడిచిపెట్టవలసి వచ్చిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. నన్ను అన్నిటికన్నా బాధించే విషయం ఇది. ఆ పిల్లలు పరాయివారు కారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవారే. సాండస్కీ వారిని ఆకర్షించినది జట్టు ఆటలకు తీసుకువెళ్లడం ద్వారా, ఆటగాళ్లకు పరిచయం చేయడం ద్వారా. అందరితో పాటు ‘వి ఆర్’ అన్న ఆ కేకకు బదులు పలికినవారు వారు.

‘మనం’ పరిధిని పెంచడం అసాధ్యమేమీ కాదని ఆ రోజుల్లోనే తెలిసింది. అల్లర్లు జరిగిన రెండు రోజులకు, నవంబరు 11 రాత్రి, వేలాది మంది కొవ్వొత్తులతో విశ్వవిద్యాలయ ప్రధాన భవనం ముందు బాధితుల కోసం మౌనంగా నిలబడ్డారు. పూర్వ విద్యార్థులు లైంగిక హింస బాధితులకు సహాయం చేసే సంస్థ కోసం ఐదు లక్షల డాలర్లకు పైగా సేకరించారు. వీరూ అదే రంగు చొక్కాలు వేసుకున్న అభిమానులే. విధేయత తగ్గినందువల్ల కాదు, అది ఎవరికి చెందాలో వారు వేరుగా తేల్చుకున్నందువల్ల ఇది జరిగింది.

పట్టణం నడిబొడ్డున ఒక గోడ మీద మైకేల్ పిలాటో అనే చిత్రకారుడు ఆ ప్రాంతపు ప్రముఖులందరినీ ఒకే చిత్రంలో వేశారు. అరెస్టు తరువాత సాండస్కీ బొమ్మను చెరిపి అక్కడ పిల్లలపై హింసను వ్యతిరేకించడానికి గుర్తైన నీలి రిబ్బను వేశారు. 2012 జనవరి 22న పటర్నో క్యాన్సర్‌తో మరణించినప్పుడు ఆయన తల వెనుక కాంతివలయం గీశారు; జులైలో ఫ్రీ నివేదిక వెలువడ్డాక దానిని తుడిచివేశారు. పటర్నో బొమ్మ మాత్రం ఉంచారు. సాండస్కీ ఉన్న చోట తరువాత ఒక స్త్రీ రూపం వచ్చింది. ఆమె కవయిత్రి, హింసకు గురైనవారి తరఫున పనిచేసే కార్యకర్త, పెన్ స్టేట్ పూర్వ విద్యార్థిని.