గచ్చు లేపిన వేరు ఇల్లు కూడా లేపుతుందా?

ఒక పాఠకుడు ఫోటో పంపారు. ఇంటికి ఆరడుగుల దూరంలో పెద్ద చెట్టు, దాని మొదట్లో జానెడు పైకి లేచిన గచ్చు పలక. "ఇవాళ గచ్చు, రేపు ఇల్లు అంటూ అందరూ టెన్షన్ పెడుతున్నారు, కొట్టించెయ్యనా?" అని అడిగారు.

కొట్టించడం సంగతి తర్వాత చూద్దాం. నా కళ్లు ఆ పలక దగ్గరే ఆగిపోయాయి. గోటితో గిల్లితే తెగిపోయే వేరు కొన కాంక్రీటుని ఎత్తే స్థితికి ఎలా వచ్చింది?

మేకుని నెత్తిన కొడితే ఒళ్లంతా రాపిడి తట్టుకుంటూ మొత్తం మేకు కదలాలి. వేరుకి ఆ బాధ లేదు. కొన వెనక కొన్ని మిల్లీమీటర్ల మేరే సాగుతుంది, మిగతాదంతా ఉన్నచోటే ఉంటుంది. సాగదీసేది నీళ్లు. కణం లోపల లవణాలు, చక్కెరలు చిక్కగా ఉంటాయి కాబట్టి ద్రవాభిసరణ వల్ల నీరు లోపలికి చొరబడుతుంది. ట్యూబు ఒక్కదానికే గాలి కొడితే ఉబ్బి పేలుతుంది. టైరులో పెట్టి కొడితే గట్టిపడుతుంది. ఇక్కడ కణం చుట్టూ ఉండే గట్టి గోడ, అంటే కణకవచమే టైరు. కారు టైరులో ఉండేది సుమారు రెండు అట్మాస్ఫియర్ల పీడనం. వేరు కణంలో ఐదారు ఉండటం మామూలే. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఫెఫర్ వేళ్లని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో బిగించి, అవి ఎంత బలంగా నెడతాయో కొలిచి 1893లోనే ప్రచురించాడు.

అయితే పలకని ఎత్తింది కొన కాదు. కొన దారి మాత్రమే వేసింది. ఆ దారిలో స్థిరపడిన వేరు ఏటికేడూ కొత్త పొరలు చేర్చుకుంటూ లావెక్కుతుంది. ఒక లెక్క వేద్దాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పలక బరువు సుమారు 240 కిలోలు. దాని కింద ఐదు సెంటీమీటర్ల లావు వేరు మీటరు పొడవునా ఉంటే, పలకని నెట్టే వైశాల్యం 0.05 చదరపు మీటర్లు. అర అట్మాస్ఫియరు పీడనం వచ్చినా 2,500 న్యూటన్ల బలం, అంటే దాదాపు 255 కిలోల బరువుని ఎత్తగలదు. తన దగ్గరున్న పీడనంలో పదో వంతుతో పని అయిపోయింది!

మరి ఇల్లు? అదే వేరు పునాది కింద లావెక్కబోతే, పైన టన్నుల బరువు, కింద మెత్తటి మట్టి. వేరు సులువైన వైపుకే జరుగుతుంది, మట్టిని అణుచుకుంటుంది, లేదా తనే నొక్కుకుపోయి చదునుగా మారుతుంది. అందుకే దాని జోరంతా గచ్చు, మెట్లు, తేలికపాటి ప్రహరీ గోడల మీదే.

గచ్చు కిందికే ఎందుకొస్తుందంటే, అక్కడ దానికి హాయి. మట్టిలోంచి లేచే ఆవిరి చల్లబడ్డ పలక అడుగున నీరుగా మారుతుంది, సందులో గాలీ ఆడుతుంది. వేళ్లకి ఆక్సిజన్ కావాలి, కాబట్టి ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల్లోనే పరుచుకుంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. చెట్టుని అద్దంలో తిరగేసినట్టు వేళ్లని లోతుగా గీసే బడి బొమ్మలు మనకి చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు.

వేళ్లు ఎక్కడో ఉన్న నీళ్లని వాసన పట్టి పైపు పగలగొడతాయన్న నమ్మకమూ అలాంటిదే. పంగల కర్రతో భూగర్భ జలం కనిపెట్టేవాళ్ల మాటలతో సమానం. తేమ తేడాని వేరు పసిగట్టేది తన కొన చుట్టూ కాస్త మేరే. పైపు జాయింటు ముందే కారుతుంటే అక్కడ మట్టి తడుస్తుంది, అటుగా వచ్చిన వేరు గుబురు కడుతుంది. లోపల ఎన్నిసార్లు కోసినా మళ్లీ వస్తుంది. జాయింటు బాగుచేస్తేనే విరుగుడు.

ఇంటికి అసలు ప్రమాదం నల్లరేగడి లాంటి బంకమట్టిలో ఉంది. చెట్టు నీరు తోడేస్తే ఆ మట్టి ముడుచుకుంటుంది, పునాది ఓ పక్క కుంగుతుంది. 1976 కరవులో బ్రిటన్‌లో ఇలా చాలా ఇళ్లు పగుళ్లిచ్చాయి. తమాషా ఏమిటంటే, అలాంటి చోట పెద్ద చెట్టుని ఒక్కసారిగా కొట్టేస్తే మట్టి మళ్లీ నీరు పీల్చి ఏళ్ల తరబడి ఉబ్బుతుంది. అప్పుడు నిజంగానే ఇల్లు లేస్తుంది, చెట్టు లేకుండానే!

గచ్చుకి మందు సులువు. పలక తీసేసి ఇసుక మీద విడి రాళ్లు పరిస్తే వేరుతో పాటు అవీ సర్దుకుంటాయి. కొత్తగా నాటేటప్పుడైతే ఇంటివైపు రెండు మూడు అడుగుల లోతున మందపాటి ప్లాస్టిక్ అడ్డు దింపి, అంచు నేలపైకి కాస్త కనపడేలా వదలాలి. లేకపోతే వేరు దాని మీంచి దాటేస్తుంది. మొదలు దగ్గర లావు వేళ్లు కొయ్యకండి. గాలికి చెట్టుని పట్టి నిలిపేవి అవే.

ఆ పాఠకుడికి నేను చెప్పింది ఒక్కటే. గోడలో పగులుంటే దాని రెండు వైపులా పెన్సిల్ గీతలు పెట్టి, వాటి మధ్య దూరాన్ని తేదీతో రాసుకుని, ఏడాది పొడవునా నెలకోసారి కొలవమన్నాను. ఎండల్లో వెడల్పై, వానల్లో దగ్గరపడుతుంటే మట్టి తేమనే అనుమానించాలి, చెట్టు మీద చెయ్యి వేసే ముందు ఇంజనీరుకి చూపించాలి. రుతువులతో పనిలేకుండా పెరుగుతూనే ఉంటే కారణం చెట్టు కాకపోవచ్చు.